వినైల్ ఫ్లోర్ మీద నల్ల చారలు: మెరుపు చెడకుండా తీయడం, మళ్లీ పడకుండా చూసుకోవడం

"ఫ్లోర్ మీద నల్ల చార పడింది, ఏం పెట్టి రుద్దమంటారు?" ఇంటి నేల మీద పరిచే ప్లాస్టిక్ ఫ్లోరింగ్, అంటే వినైల్, వేయించుకున్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఏం పెట్టి రుద్దాలనే దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ చార ఫ్లోర్ పైన అంటుకుందా, ఫ్లోర్‌నే గీరిందా, లోపలికి ఇంకిందా? ఇది తెలియకుండా చేతికందిన పీచుతో తోమితే చార పోతుంది కానీ, దాని స్థానంలో అరచేయంత మసక మచ్చ మిగులుతుంది. ఆ మసక చార కన్నా ఎక్కువ కనిపిస్తుంది, తీయడం చార కన్నా కష్టం.

విజయవాడ, గుంటూరు ఇళ్లలో చెప్పులు గుమ్మం బయటే విడుస్తాం కాబట్టి మన ఇళ్లలోని చారలు చాలావరకు బూట్లవి కావు. గ్యాస్ బండవి, ప్లాస్టిక్ కుర్చీలవి, పక్కకు జరిపిన బీరువావి, కూలర్ చక్రాలవి. షాపుల్లో, క్లినిక్‌లలో, కోచింగ్ సెంటర్లలో మాత్రం బూట్ల చారలే ఎక్కువ. తీసే పద్ధతి రెండింటికీ ఒకటే. రోల్‌గా వచ్చే షీటుకైనా, పలకలుగా వచ్చే ప్లాంకులకైనా ఇదే వరుస. తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

1. ముందు తేల్చుకోండి: చార, గాటు, మసక, మరక

వినైల్ ఒకే ముక్కలా కనిపించినా అది పొరల కూర్పు. అడుగున దన్నుగా ఒక పొర, దాని మీద చెక్క డిజైనో మార్బుల్ డిజైనో ముద్రించిన పొర, అన్నిటికన్నా పైన ఆ డిజైన్‌ను కాపాడే పారదర్శకమైన పొర. ఇళ్లకు వేసే రకాల్లో ఈ పై పొర మందం సాధారణంగా 0.1 నుంచి 0.5 మి.మీ. ఉంటుంది. మామూలు జెరాక్స్ కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. అంటే మీ డిజైన్‌కు ఉన్న రక్షణ ఒకటి నుంచి ఐదు కాగితాలంత. రుద్దే ప్రతిసారీ ఖర్చయ్యేది ఆ పొరే.

ఫ్లోర్ మీద కనిపించే ప్రతి గుర్తూ ఈ నాలుగింటిలో ఒకటి అవుతుంది:

- చార: రబ్బరో, ప్లాస్టిక్కో, పాలిష్షో రాపిడికి అరిగి ఫ్లోర్ పైన అంటుకున్నది. పూర్తిగా పోతుంది.
- గాటు: పై పొర తెగినది, గీరుకున్నది. తుడిస్తే పోదు. పూడ్చాలి, లేదా ముక్క మార్చాలి.
- మసక: పై పొర అరిగి మెరుపు పోయినది. కొంతవరకు కప్పిపుచ్చవచ్చు.
- మరక: రంగు లోపలికి ఇంకినది. కొన్ని పోతాయి, కొన్ని ఎన్నటికీ పోవు.

తేల్చుకోవడానికి రాత్రి పూట గదిలో లైట్లు ఆపి, ఫోన్ టార్చ్ వెలిగించి, ఫోన్‌ను గుర్తుకు జానెడు దూరంలో నేలకు ఆనించి పట్టుకోండి. వెలుతురు నేలను రాసుకుంటూ పోవాలి. గాటైతే గీతకు ఒక అంచు తళుక్కుమంటుంది, రెండో అంచున సన్నని నీడ పడుతుంది. చారైతే నీడ ఉండదు. అంచులు మెత్తని పెన్సిల్ గీతలా బరకగా, అక్కడక్కడా తెగి కనిపిస్తాయి. మసక అయితే గీతే ఉండదు, ఆ మేర వెలుతురు చెదిరి పాలిపోయినట్టు ఉంటుంది.

తర్వాత గోరు పరీక్ష. చూపుడువేలి గోరును గుర్తుకు అడ్డంగా మెల్లగా లాగండి. గోరు తట్టుకుని ఆగితే గాటు. జారిపోతే చారో మరకో. ఆ రెండింటిలో ఏదో తేలాలంటే పిల్లల తెల్ల రబ్బరుతో నాలుగుసార్లు రుద్దండి. నల్లటి పొట్టు రాలితే అది చార. ఏమీ రాలకపోతే మరక.

రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. గ్యాస్ బండ ఈడ్చినచోట గాటు పడుతుంది, ఆ గాటులోనే నల్లటి మురికి కూరుకుంటుంది. అలాంటప్పుడు ముందు మురికి తీయండి. చాలాసార్లు గాటు మనం భయపడినంత ఉండదు, నలుపు వల్లే అంత కనిపిస్తుంది.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- పెన్సిల్ గీతలు చెరిపే తెల్ల రబ్బరు (రంగు రబ్బర్లు వద్దు, వాటి రంగు దిగుతుంది)
- ఉతికిన తెల్ల కాటన్ గుడ్డలు 4 లేదా 5. పాత బనియన్లు బాగా పనికొస్తాయి
- గిన్నెలు తోమే లిక్విడ్
- 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 100 మి.లీ. సీసా (మెడికల్ షాపులో దొరుకుతుంది, సర్జికల్ స్పిరిట్ కూడా పనిచేస్తుంది)
- వంటసోడా, 2 చెంచాలు
- మ్యాజిక్ స్పాంజ్ పేరుతో అమ్మే తెల్లటి మెలమైన్ స్పాంజ్
- కొబ్బరినూనె, కొన్ని చుక్కలు
- మెత్తటి చీపురు, బకెట్, మాప్

గుడ్డ తెల్లదే కావాలని పట్టుబట్టడానికి కారణముంది. స్పిరిట్ తగిలితే పాత చీర ముక్కలోని, రంగు తువ్వాల్లోని అద్దకం కరిగి ఫ్లోర్‌కు ఎక్కుతుంది. నల్ల చార తీయబోయి ఎర్ర మరక తెచ్చుకున్నట్టవుతుంది. పైగా తెల్ల గుడ్డ మీద నలుపు దిగుతున్నదీ లేనిదీ కంటికి తెలుస్తుంది. నలుపు దిగడం ఆగిపోతే ఆ మందు పని అయిపోయినట్టు.

3. చేయి పెట్టే ముందు

వేళ చూసుకోండి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పడమటి బాల్కనీ పక్కన వినైల్ మధ్యాహ్నానికి కాలు పెట్టలేనంత వేడెక్కుతుంది. వేడికి వినైల్ మెత్తబడుతుంది, అప్పుడు రుద్దితే తేలిగ్గా గీతలు పడతాయి. స్పిరిట్ కూడా చారను కరిగించేలోపే ఆవిరైపోతుంది. ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామునో, పొద్దుటి పూటో పెట్టుకోవడం మేలు.

పొడిగా ఊడ్చండి. ఈ ఒక్క మెట్టు వదిలేసి నష్టపోయేవాళ్లే ఎక్కువ. కృష్ణా ఇసుక, పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్ దుమ్ము, ముగ్గుపిండి రవ్వలు గుడ్డ కింద చేరితే ఆ గుడ్డ గరుకు కాగితమే. చార ఉన్నచోట చుట్టూ మూరెడు మేర ఊడ్చి, అరచేత్తో ఒకసారి నిమిరి చూడండి. అరచేతికి రవ్వ తగిలితే మళ్లీ ఊడ్చండి.

ఓ మూల పరీక్షించండి. బీరువా కిందో తలుపు వెనకో రూపాయి బిళ్లంత చోట మీరు వాడబోయే మందు రాసి, తుడిచి, 10 నిమిషాలు ఆగి టార్చ్ వెలుతురులో చూడండి. మెరుపు తగ్గినా, వేలికి జిగురుగా తగిలినా, గుడ్డకు ఫ్లోర్ రంగు అంటినా ఆ మందు మీ ఫ్లోర్‌కు పనికిరాదు.

మంట సంగతి మరవకండి. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. కిటికీలు తెరిచి, గ్యాస్ కట్టేసి, పూజగదిలో దీపం కొండెక్కాకే సీసా మూత తీయండి.

4. చార తీసే వరుస

నియమం ఒక్కటే. మెత్తనిదాంతో మొదలుపెట్టండి, పోకపోతేనే తర్వాతి మెట్టు ఎక్కండి. ప్రతి మెట్టు దగ్గరా తడిగుడ్డతో తుడిచి, ఆరాక చూడండి. తడి మీద అన్ని చారలూ పోయినట్టే కనిపిస్తాయి.

4.1 తెల్ల రబ్బరు

నేల పొడిగా ఉండాలి. చార పొడవునా కాకుండా ఒక చివర మొదలుపెట్టి, అంగుళం అంగుళం చొప్పున చిన్న చిన్న రాపిడితో ముందుకు పోండి. రబ్బరు కొస నల్లబడగానే పాత కాగితం మీద గీకి శుభ్రం చేసుకోండి. లేకపోతే తీసిన నలుపునే మళ్లీ పక్కన పూస్తారు. కుర్చీ కాళ్లు, పిల్లల సైకిల్ టైర్ల చారలు ఎక్కువగా ఇక్కడితోనే పోతాయి.

4.2 సబ్బు నీళ్లు

5 లీటర్ల గోరువెచ్చని నీళ్లకు 1 చెంచా, అంటే 5 మి.లీ. లిక్విడ్ చాలు. నురగ ఎక్కువ వస్తే శుభ్రం ఎక్కువవుతుందని రెండు మూడు చెంచాలు పోస్తారు. మిగిలిన సబ్బు ఆరి జిడ్డు పొరవుతుంది, ఆ జిడ్డు దుమ్మును పట్టుకుంటుంది, వారానికల్లా ఫ్లోర్ అంతా మాసినట్టు కనిపిస్తుంది.

గుడ్డ ముంచి పిండి, చార మీద 2 నిమిషాలు పరిచి ఉంచండి. నాననిచ్చి తుడిస్తే బలం పెట్టక్కర్లేదు. తర్వాత మంచినీళ్లలో పిండిన గుడ్డతో సబ్బు తీసేసి, పొడిగుడ్డతో ఒత్తండి.

4.3 స్పిరిట్

చాలామంది ఈ మెట్టు కన్నా ముందు వంటసోడా వాడమంటారు. మా లెక్క వేరు. స్పిరిట్ చారను కరిగిస్తుంది, సోడా అరగదీస్తుంది. కరిగించేది ముందు, అరగదీసేది తర్వాత.

1. గుడ్డ కొసను వేలికి చుట్టుకుని దాని మీద 4, 5 చుక్కలు వేసుకోండి. సీసాను నేల మీద వంచవద్దు. అతుకుల్లోకి దిగితే కింది గమ్ మెత్తబడుతుంది.
2. చార మీద ఆనించి 10 సెకన్లు అలాగే ఉంచండి.
3. చార అంచు నుంచి మధ్యకు తుడవండి. మధ్య నుంచి బయటకు తుడిస్తే నలుపు పాకుతుంది.
4. గుడ్డ మడత మార్చి ఇంకోసారి చేయండి. మూడుసార్లకు పోకపోతే ఆపేయండి.
5. సబ్బు నీళ్ల గుడ్డతో, తర్వాత మంచినీళ్ల గుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

ఇంతకుముందు ఫ్లోర్‌కు యాక్రిలిక్ పాలిష్ పట్టించి ఉంటే స్పిరిట్ ఆ పాలిష్‌ను తెల్లబరుస్తుంది. అలాంటి ఫ్లోర్‌కు ఈ మెట్టు దాటేసి తర్వాతిదానికి వెళ్లండి. శానిటైజర్ జెల్ స్పిరిట్‌కు బదులు కాదు. అందులోని జిగురు ఫ్లోర్ మీద పొరగా మిగులుతుంది.

4.4 వంటసోడా ముద్ద

2 చెంచాల సోడాకు 1 చెంచా నీళ్లు కలిపితే దోసెపిండి కన్నా కాస్త గట్టిగా వస్తుంది. చార మీద పలచగా రాసి, తడి గుడ్డతో వేళ్ల బరువు మాత్రమే వేసి గుండ్రంగా 10, 15 సార్లు తిప్పండి. సోడా ఆరిపోయాక రుద్దవద్దు. ఎండిన సోడా గీరుతుంది. తర్వాత రెండుసార్లు మంచినీళ్లతో తుడవకపోతే తెల్లటి పొర మిగులుతుంది. గాడులు గాడులుగా చెక్కినట్టున్న డిజైన్ మీద ఈ పొర మరీ ఇరుక్కుంటుంది, దానికి మెత్తటి టూత్‌బ్రష్ వాడండి.

4.5 మ్యాజిక్ స్పాంజ్, ఆఖరున

చేతికి మెత్తగా ఉంటుంది కాబట్టి ఇది మెత్తని వస్తువనుకుంటారు. అసలు సంగతేమిటంటే మెలమైన్ స్పాంజ్ చాలా సన్నని గరుకు కాగితం లాంటిది. అందుకే అంత బాగా పనిచేస్తుంది, అందుకే అంత ప్రమాదం.

స్పాంజ్‌ను అంగుళం ముక్కగా కోసి, తడిపి, పిండండి. చార వెడల్పు దాటకుండా 5, 6 సార్లు లాగి, తుడిచి, టార్చ్ వెలుతురులో మెరుపు చూసుకోండి. తగ్గుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపండి. మ్యాట్ ఫినిష్ ఫ్లోర్లు దీన్ని కొంత ఓర్చుకుంటాయి. తళతళలాడే గ్లాసీ ఫ్లోర్లు ఓర్చుకోవు.

మందంగా పేరుకున్న రబ్బరుకు

బండి టైరు, స్ట్రెచర్ చక్రం లాంటివి ముద్దగా రబ్బరు వదిలితే ముందు రెండు చుక్కల కొబ్బరినూనె రాసి 5 నిమిషాలు ఉంచండి. మెత్తబడ్డ ముద్దను పాత ఏటీఎం కార్డు అంచుతో, దాదాపు నేలకు సమాంతరంగా పట్టుకుని నెట్టండి. మిగిలినది పై వరుసలో తీయండి. నూనె జాడ లేకుండా సబ్బు నీళ్లతో రెండుసార్లు తుడవాలి. నూనె మిగిలిన వినైల్ మీద పెద్దవాళ్లు కాలు జారి పడతారు.

5. వీటి జోలికి వెళ్లవద్దు

- థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్, అసిటోన్, పెట్రోల్: పై పొరను కరిగించి మెత్తబరుస్తాయి. ఆరాక ఆ చోటు ముడతపడి, ఎప్పటికీ మసకగానే ఉంటుంది. పెట్రోల్‌తో ఇల్లు తగలబడే ప్రమాదమూ ఉంది.
- కిరోసిన్: చార పోతుంది కానీ నూనె పొర, వాసన, జారుడు మిగులుతాయి.
- స్టీల్ పీచు, పచ్చ స్క్రబ్బర్, ఇటుకపొడి: రెండు రుద్దులకే మెరుపు పోతుంది.
- టాయిలెట్ యాసిడ్: టైల్స్ కోసం చేసింది, వినైల్ కోసం కాదు.
- నల్ల ఫినాయిల్: దానికదే గోధుమరంగు మరక వేస్తుంది. తెల్ల ఫినాయిల్ కూడా చిక్కగా పోస్తే జిడ్డు పొర కడుతుంది.
- స్టీమ్ మాప్, మరిగే నీళ్లు: గమ్ ఊడి అంచులు లేస్తాయి.

బ్లీచింగ్ పౌడర్‌తో యాసిడ్‌ను గానీ, వెనిగర్, నిమ్మరసాన్ని గానీ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపులు మూసిన చిన్న గదిలో అది ప్రాణాల మీదకు తెస్తుంది. ఈ మాట పనిమనిషికి కూడా విడమరచి చెప్పండి. చెప్పకపోతే తప్పు మనదే.

6. ఒక్కో చారకు ఒక్కో మెలకువ

గ్యాస్ బండ చార. ఇంటి బండలో గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ బండ బరువు కలిపితే 30 కిలోలకు దగ్గర. ఆ బరువంతా అడుగునున్న ఇనుప వలయం అంచు మీద పడుతుంది. అందుకే దాని గుర్తు వంపు తిరిగి, చంద్రవంకలా ఉంటుంది. బండ పెయింటు రంగు అంటితే స్పిరిట్‌కు పోతుంది. గోధుమరంగులో ఉంటే అది తుప్పు. తుప్పుకు నిమ్మచెక్కతో తేలిగ్గా రాసి, 2 నిమిషాలకు నీళ్లతో తుడిచేయండి. తుప్పుకు బ్లీచింగ్ పెట్టవద్దు, మరక ఇంకా గట్టిపడుతుంది.

స్కూలు బూట్ల నలుపు. ఇది రబ్బరు కన్నా ఎక్కువగా పాలిష్‌లోని మైనం, రంగు. తెల్ల రబ్బరుతో రుద్దితే మైనం పాకుతుంది. కాబట్టి నేరుగా సబ్బు నీళ్లు, తర్వాత స్పిరిట్. ఆ రోజే తీసేయండి, నిలవ ఉంటే రంగు ఇంకుతుంది.

బండి టైరు, రబ్బరు పట్టా, వాషింగ్ మెషీన్ రబ్బరు కాళ్లు. ఇరుకు సందుల్లో రాత్రి బండి వరండాలోనో హాల్లోనో పెట్టుకునే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. నిలబెట్టిన టైరు కింద కొన్నాళ్లకు పసుపు, గోధుమ రంగు మచ్చ వస్తుంది. ఇది పైన అంటిన మురికి కాదు. రబ్బరు పగిలిపోకుండా అందులో కలిపే రసాయనాలు వినైల్‌లోకి దిగి రంగు మారుస్తాయి. ఏ మందుకూ పోదు. పోతుందని చెప్పి ఏదైనా అమ్మితే కొనకండి. ముక్క మార్చడమో, పైన ఏదైనా పరవడమో తప్ప దారి లేదు.

పసుపు. చార కాకపోయినా దీని గురించి చెప్పకుండా ఉండలేం. గడప పసుపు, కూర పసుపు పడినచోట వంటసోడా ముట్టించకండి. దిష్టి తీసే నీళ్లలో సున్నం తగలగానే పసుపు ఎలా ఎర్రబడుతుందో, సోడా తగిలినా అంతే. సబ్బు కూడా కాస్త ఎర్రబరుస్తుంది, కంగారుపడకుండా నీళ్లతో తుడవండి. మిగిలిన పసుపు చాయకు మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను దూదితో అద్ది 15 నిమిషాలు ఉంచి తుడవండి. పగటి వెలుతురు తగిలే చోటైతే పసుపు రంగు రోజురోజుకూ తనంతట తానే వెలిసిపోతుంది.

7. మసక, గాటు మిగిలితే

మసకబారిన చోటుకు వినైల్ కోసం చేసిన నీటి ఆధారిత యాక్రిలిక్ ఫ్లోర్ పాలిష్ వాడొచ్చు. ఒక్క మచ్చకే రాస్తే అక్కడొక్కటే మెరిసి తేడా తెలుస్తుంది. ప్లాంకైతే ఆ ప్లాంకు మొత్తానికి, షీటైతే ఆ గది మొత్తానికి రాయండి. మందంగా ఒక పూత కన్నా పలచగా రెండు పూతలు. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. కారు పాలిష్, మైనం, ఫర్నిచర్ నూనె వద్దు, జారుడు పుడుతుంది.

సన్నని గాటుకు ఫ్లోర్ రంగుకు దగ్గరగా ఉన్న మైనపు ఫిల్లర్ స్టిక్ రుద్ది, పైన మిగిలింది ఏటీఎం కార్డుతో సమం చేస్తే దూరానికి తెలియదు.

లోతైన గాటుకు, చిరుగుకు షీటు ఫ్లోర్ అయితే అతుకు వేయాలి. పని ఓపికది, కష్టమైనదేమీ కాదు:

1. వేయించినప్పుడు మిగిలిన ముక్కను గాటు మీద పెట్టి డిజైన్ గీత గీతా కలిసేలా సరిచూడండి.
2. కదలకుండా నాలుగు పక్కలా మాస్కింగ్ టేప్ అంటించండి.
3. స్టీల్ స్కేలు ఆనించి కొత్త కట్టర్ బ్లేడుతో పై ముక్కనూ కింది షీటునూ కలిపి ఒకేసారి కోయండి. ప్లాంకు డిజైన్‌లో గీతలుంటే ఆ గీతల వెంటే కోయండి, అతుకు దాక్కుంటుంది.
4. కింది పాడైన ముక్క ఊడదీసి, పాత గమ్ గీకి, దుమ్ము తుడవండి.
5. వినైల్ గమ్ పలచగా రాసి, డబ్బా మీద చెప్పినంత సేపు ఆగి, కొత్త ముక్క దించండి. అంచుల్లోంచి పొంగిన గమ్ వెంటనే తుడవండి.
6. పైన ప్లాస్టిక్ కాగితం వేసి, సమంగా బరువు పెట్టి, 24 గంటలు నడవవద్దు.

రెండు ముక్కలూ ఒకే కోతలో కోయడంలోనే కిటుకంతా ఉంది. విడివిడిగా కొలిచి కోస్తే వెంట్రుకవాసి సందైనా మిగులుతుంది, అందులో మురికి చేరి నల్లగీత పడుతుంది. గమ్ లేకుండా ఒకదానిలో ఒకటి ఇరికించే క్లిక్ ప్లాంకుల్లో ముక్క మార్చాలంటే గోడ వైపు నుంచి ఒక్కొక్కటీ విప్పుకుంటూ రావాలి. అది వేసిన మేస్త్రీకే అప్పజెప్పండి.

8. షాపులు, క్లినిక్‌లు, క్లాసురూములకు

వందల చారలను వంగి ఒక్కొక్కటీ తీయడం కుదరదు. పాత టెన్నిస్ బంతికి కత్తితో అడ్డంగా నిలువుగా గాటు పెట్టి, మాప్ కర్ర చివరకు తొడగండి. నిలబడే చార మీద రుద్దొచ్చు. బంతి మీది నూగు తెల్ల రబ్బరులా పనిచేస్తుంది. మూసే ముందు 10 నిమిషాలు ఈ పని చేస్తే వారాంతం దాకా పేరుకోవు.

మెషీన్‌తో కడిగించేటప్పుడు తెల్ల ప్యాడ్, మహా అయితే ఎర్ర ప్యాడ్ వేయమనండి. పచ్చ, నల్ల ప్యాడ్‌లు రాతి నేలకు, పాత పాలిష్ గీకడానికి. మనిషి ప్యాడ్ తొడిగేటప్పుడే పక్కన నిలబడి రంగు చూసుకోండి.

9. మళ్లీ పడకుండా

కుర్చీలు, బల్లలు. ప్లాస్టిక్ కుర్చీ కాళ్ల అంచులు సన్నగా, పదునుగా ఉంటాయి. వాటికి తెల్లటి లేదా పారదర్శకమైన సిలికాన్ తొడుగులు వేయండి. హార్డ్‌వేర్ షాపులో ముందు చూపించేవి నల్ల రబ్బరు బుష్‌లు. అవే చారలకు మూలం, వద్దనండి. చెక్క ఫర్నిచర్‌కు ఫెల్ట్ ప్యాడ్‌లు (ఒత్తి చేసిన మెత్తటి మందపు గుడ్డ ముక్కలు) అంటించే ముందు కాలి అడుగును స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. దుమ్ము మీద అంటించిన ప్యాడ్ వారానికే జరిగిపోతుంది. నెలకోసారి కుర్చీ తిరగేసి చూడండి. ఫెల్ట్‌లో ఇసుక దిగితే ఆ ప్యాడే గాట్లు పెడుతుంది.

ఆఫీసు కుర్చీ. దాంతో వచ్చే గట్టి నైలాన్ చక్రాలు తీసి, మెత్తటి పాలియురెథేన్ చక్రాలు వేయండి. ఎక్కువ కుర్చీలకు చక్రం ఇరుసు 11 మి.మీ. ఉంటుంది, కొనేముందు మీదాన్ని కొలుచుకోండి. చక్రాలకు చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు తీస్తుండాలి. తిరగని చక్రం ఈడ్చుకుపోతుంది, చార అప్పుడే పడుతుంది.

గ్యాస్ బండ. చక్రాల ట్రాలీ మీదే ఉంచండి. బండ తెచ్చే అబ్బాయికి గుమ్మంలోనే "దొర్లించకు బాబూ, ఎత్తి పెట్టు" అని చెప్పి, దారిలో పాత దుప్పటి నాలుగు మడతలు వేసి పరవండి.

బీరువా, ఫ్రిజ్ జరపాలంటే లోపలి బరువు తీసేసి, 6 మి.మీ. ప్లైవుడ్ ముక్క నున్నటి వైపు కిందికి పెట్టి, దాని కింద దుప్పటి వేసి లాగండి. ఒంటరిగా నెట్టవద్దు. బీరువా కాళ్ల కింద శాశ్వతంగా ప్లైవుడ్ చదరాలు ఉంచితే ఎండాకాలంలో వినైల్ గుంటపడకుండా ఉంటుంది.

గుమ్మం. బయట కొబ్బరిపీచు పట్టా, లోపల అల్లిన కాటన్ పట్టా. బయటిది ఇసుక దులుపుతుంది, లోపలిది తడి పీలుస్తుంది. అడుగున రబ్బరు పూత ఉన్న పట్టాలు వినైల్ మీద వేయకండి, కారణం పైన టైరు దగ్గర చెప్పాం.

ముగ్గు. ముగ్గుపిండిలో ఉండేది రాతిపొడి. పూజగదిలో వినైల్ ఉంటే ముగ్గు చెక్కపీట మీద వేసుకోండి, లేదా బియ్యప్పిండితో వేయండి. వాకిట్లో ముగ్గు తొక్కి లోపలికి వచ్చే పాదాలకు పట్టా ఉండనే ఉంది.

నీళ్లు. పండగకు ముందు బకెట్లతో నీళ్లు పోసి కడిగే అలవాటు వినైల్‌కు సరిపడదు. అతుకుల్లోంచి నీళ్లు కిందికి దిగి గమ్ వదులుతుంది, బూజు వాసన వస్తుంది. గట్టిగా పిండిన మాప్ చాలు. బోరు నీళ్లు ఉప్పగా ఉండి తెల్ల పొర కడుతుంటే ఆఖరి తుడుపు మాత్రం కుళాయి నీళ్లతో పెట్టండి. అప్పటికే కట్టిన పొరకు 1 లీటరు నీళ్లలో 2 చెంచాల తెల్ల వెనిగర్ కలిపి తుడవండి.

10. గోడకు అంటించుకునే పట్టిక

రోజూ:
- మెత్తటి చీపురుతో ఊడ్చడం, గుమ్మం దగ్గర రెండుసార్లు
- కొత్త చార కనిపిస్తే అప్పుడే తెల్ల రబ్బరు

వారానికోసారి:
- 5 లీటర్లకు 1 చెంచా సబ్బు నీళ్లతో, తర్వాత మంచినీళ్లతో తుడవడం
- గుమ్మం పట్టాలు మేడ మీద దులపడం

నెలకోసారి:
- కుర్చీ తొడుగులు, ఫెల్ట్ ప్యాడ్‌లు, చక్రాలు చూడటం
- బండ ట్రాలీ చక్రాలకు తుప్పు పట్టిందేమో చూడటం
- అంచులు ఎక్కడైనా లేచాయేమో పాదంతో నొక్కి చూడటం

ఎండాకాలానికి ముందు:
- పడమటి కిటికీలకు, బాల్కనీ తలుపుకు మందపాటి కర్టెన్లు
- బరువైన వస్తువుల కింద ప్లైవుడ్ ఉందో లేదో చూడటం

కొత్తగా వేయించుకునేవాళ్లకు ఒక సంగతి. గమ్‌తో వేసిన ఫ్లోర్ మీద 2 రోజులు బరువైన సామాను జరపవద్దు, 5 రోజులు తడిగుడ్డ పెట్టవద్దు. మేస్త్రీ వెళ్లేటప్పుడు మిగిలిన ముక్కలు తీసుకుపోనివ్వకండి. కనీసం చదరపు మీటరు ముక్కను డిజైన్ బయటికి వచ్చేలా వదులుగా చుట్టి, మంచం కింద దాచుకోండి. అటక మీద పెడితే వేడికి వంకర తిరిగి, అతుకు వేయాల్సిన రోజున పనికిరాదు. ఆ చుట్ట మీద వేయించిన తేదీ, కంపెనీ పేరు, డిజైన్ నంబరు మార్కర్‌తో ఒక కాగితం మీద రాసి కట్టండి. వినైల్ మీదే రాస్తే ఆ సిరా కూడా ఇంకుతుంది.